కంప్రెసర్ పోయిందన్నాక: అదొక్కటే మార్చాలా, ఏసీయే మార్చాలా?

క్లుప్తంగా: చల్లదనం ఆగిన ప్రతిసారీ కంప్రెసర్ పోయినట్టు కాదు. కెపాసిటర్ (మోటారు స్టార్ట్ కావడానికి ఊతమిచ్చే భాగం), పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు), గ్యాస్ లీక్ కూడా అలాంటి లక్షణాలే చూపిస్తాయి. నిజంగానే పోయి ఉంటే కొత్త కంప్రెసర్ ధర కంటే పాతది ఎందుకు పోయిందన్నదే పెద్ద ప్రశ్న. వోల్టేజి, కెపాసిటర్, గాలి ఆడని చోటు వంటివి కారణమైతే మరమ్మతు నిలుస్తుంది. కాయిల్ (గ్యాస్ తిరిగే రాగి గొట్టాల చుట్ట) తుప్పు, పాత ఆర్-22 గ్యాస్, ముగిసిన వారంటీ ఒకచోట చేరితే లెక్క కొత్త ఏసీ వైపు మొగ్గుతుంది.

మే నెలలో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల 45 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. ఏసీలు మొరాయించేదీ ఆ రోజుల్లోనే. మెకానిక్ దొరకడమే గగనమైన ఆ వారంలో, వచ్చినతను అవుట్‌డోర్ మూత తీసి రెండు నిమిషాలు చూసి "కంప్రెసర్ పోయిందండీ" అంటే ఇంటివాళ్లకు రెండే దారులు కనిపిస్తాయి. పది పదిహేను వేలు పోసి కంప్రెసర్ వేయించడం ఒకటి, ఇంకో ఇరవై వేలు కలిపి కొత్త ఏసీ తెచ్చుకోవడం రెండోది.

ఈ రెండింటి మధ్య తేల్చుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక సూత్రం తిరుగుతూ ఉంటుంది. ఏసీ వయసును మరమ్మతు ఖర్చుతో గుణించాలట, 5,000 దాటితే కొత్తది కొనాలట. అది అమెరికా డాలర్ల లెక్క. ఇల్లంతటికీ ఒకే పెద్ద ఏసీ, పైకప్పు మీదుగా డక్టులు ఉండే ఇళ్ల కోసం పుట్టింది. రూపాయల్లో పెట్టి చూస్తే మూడేళ్ల ఏసీకి రెండు వేల రూపాయల గ్యాస్ నింపించినా 6,000 వస్తుంది, అంటే ఏసీ పారేయాలి! స్ప్లిట్ ఏసీకి వేరే లెక్క కావాలి.

పోయింది కంప్రెసరేనా?

కంప్రెసర్ అంటే గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే, సీలు చేసిన ఉక్కు డబ్బా. మోటారు, పంపు, నూనె అన్నీ లోపలే ఉంటాయి. బయటికి కనిపించేవి రెండు రాగి గొట్టాలు, మూడు టెర్మినళ్లు. లోపల ఏం జరిగిందో కంటితో చూసే వీలు లేదు కాబట్టి మీటరు, గేజీ చెప్పిందే సాక్ష్యం. అవి బయటికి తీయకుండా తీర్పు చెప్పినవారి మాట అనుమానంగానే తీసుకోవాలి.

కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగే నాన్-ఇన్వర్టర్ ఏసీలో ఆ మూడు టెర్మినళ్లు కామన్, స్టార్ట్, రన్. కామన్-స్టార్ట్ మధ్య వచ్చే ఓములు (కరెంటుకు ఎదురయ్యే అడ్డు కొలత), కామన్-రన్ మధ్య వచ్చే ఓములు కూడితే స్టార్ట్-రన్ మధ్య రీడింగుకు సరిపోవాలి. స్టార్ట్-రన్ మధ్య అసలేమీ రాకపోతే వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) తెగినట్టే. టెర్మినల్‌కూ డబ్బా ఒంటికీ మధ్య దారి కనిపిస్తే బాడీ షార్ట్. ఏసీ ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ రెండింటికీ మందు లేదు, కంప్రెసర్ మార్చాల్సిందే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కొన్ని కంప్రెసర్లలో ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ లోపలే ఉంటుంది. డబ్బా కాలిపోతున్నప్పుడు అది తెరుచుకుని కామన్ నుంచి రీడింగ్ రానివ్వదు, స్టార్ట్-రన్ మధ్య మాత్రం వస్తుంది. చూసినవాళ్లు వైండింగ్ పోయిందనుకుంటారు. చల్లారేదాకా, ఒక్కోసారి గంటకు పైగా ఆగి మళ్లీ చూస్తే అన్నీ సవ్యంగానే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం "పోయింది" అన్న కంప్రెసర్ రాత్రికి దానంతటదే తిరగడం వెనుక మాయేమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది కెపాసిటర్. అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతుంది, కంప్రెసర్ కొన్ని సెకన్లు మూలుగుతుంది, టక్కుమని ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మూలుగుతుంది. కంప్రెసర్ జామ్ అయినా ఇదే వరస, కెపాసిటర్ వీక్ అయినా ఇదే వరస. 1.5 టన్ను ఏసీలో ఈ కెపాసిటర్ సాధారణంగా 35 నుంచి 50 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది, దాని ఒంటి మీదే ఆ అంకె రాసి ఉంటుంది. కొలిస్తే అంతకంటే బాగా తక్కువ వచ్చిందంటే దోషి అదే. ఖరీదు కొన్ని వందల రూపాయలు. కెపాసిటర్ మార్చి చూడకుండా కంప్రెసర్ జామ్ అని చెప్పడం తొందరపాటు.

కంప్రెసర్ తిరుగుతున్నా గది చల్లబడకపోతే గేజీ చూడాలి. సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి) ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉండి, ఆంపియర్లు బాగా తక్కువ లాగుతుంటే పంపింగ్ దెబ్బతిన్నట్టు. సక్షన్ కూడా పడిపోయి ఉంటే ముందు గ్యాస్ లీక్ మీదే అనుమానం పడాలి.

ఇన్వర్టర్ ఏసీ కథ వేరు. అందులో మూడు వైండింగుల రీడింగ్ దాదాపు సమానంగా ఉండాలి. అవి సమానంగా ఉండి, ఒంటికి షార్ట్ లేకపోతే, డిస్‌ప్లే మీద కంప్రెసర్ ఎర్రర్ కోడ్ వెలుగుతున్నా అసలు రోగం పీసీబీలో ఉండే అవకాశం ఎక్కువ. కంప్రెసర్‌కు కరెంటు మలిచి ఇచ్చే పవర్ మాడ్యూల్ ఆ బోర్డు మీదే ఉంటుంది. దానిమీద బల్లి పడ్డా, చీమలు చేరినా, పిడుగుల వానలో కరెంటు ఎగసినా మాడిపోతుంది. చచ్చిన బల్లి ఖరీదు కంప్రెసర్ ఖరీదుగా బిల్లులోకి ఎక్కకుండా చూసుకోవాలంటే ఈ రీడింగులు అడగడం ఒక్కటే మార్గం.

ఎందుకు పోయింది?

కంప్రెసర్ సాధారణంగా తనంతట తాను పోదు. దాన్ని మిగతా వ్యవస్థ చంపుతుంది. మరమ్మతు ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది ఆ హంతకుడెవరన్నదే.

మొదటి అనుమానితుడు లీక్. ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరగాలి. ఏటా మార్చిలో గ్యాస్ నింపించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా ఉండేవి రోటరీ కంప్రెసర్లు. ఆ డబ్బా నిండా ఉండేది నొక్కుడు పడిన వేడి గ్యాసే. ఆ వేడి హద్దు మీరకుండా ఉంచేది ఇండోర్ కాయిల్ నుంచి చల్లగా తిరిగొచ్చే గ్యాస్. గ్యాస్ తగ్గేకొద్దీ తిరిగొచ్చేది వేడెక్కుతుంది, పలచబడుతుంది. నూనె మాడుతుంది, వైండింగ్ మీది ఇన్సులేషన్ పెళుసెక్కుతుంది. ఆర్-32 గ్యాస్ సహజంగానే ఆర్-410ఏ కంటే ఎక్కువ వేడితో కంప్రెసర్ దాటుతుంది కనుక కొత్త ఏసీల్లో ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. అంటే లీక్‌ను వదిలేసి రెండు వేసవులు గ్యాస్ మాత్రమే నింపించినవారు నిజానికి కంప్రెసర్ చావును వాయిదాల్లో కొనుక్కున్నట్టు.

లీక్ ఎక్కడ అన్నది ఇంకా ముఖ్యం. ఫ్లేర్ నట్ (వెడల్పు చేసిన గొట్టం చివరను బిగించే నట్టు) దగ్గరైతే బిగించి, లేదా ఫ్లేర్ కొత్తగా తీసి సరిచేయవచ్చు. కాయిల్‌లో అయితే చిక్కే. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి అవుట్‌డోర్ కాయిల్ రెక్కలను పొడి చేసేస్తుంది. ఇండోర్ కాయిల్‌కు పట్టే తుప్పు ఇంకో రకం. ప్లైవుడ్, జిగురు, వార్నిష్, కొన్ని క్లీనింగ్ ద్రవాల నుంచి వెలువడే ఆవిరులు తేమతో కలిసి ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలుగా మారి రాగిని చీమల పుట్టలా లోపల్లోపల తొలుస్తాయి. బయటికి సూది మొన కూడా కనపడదు, గ్యాస్ మాత్రం పోతూనే ఉంటుంది. మురుగు నాలా పక్కన ఉన్న ఇళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ రాగికీ పీసీబీకీ కలిపి గ్రహణం పట్టిస్తుంది. ఒకచోట అతికిస్తే పక్కనే ఇంకో రంధ్రం పడే కాయిల్ వెనుక కొత్త కంప్రెసర్ పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

రెండో అనుమానితుడు వేడి. ఏసీ సామర్థ్యాన్ని 35 డిగ్రీల బయటి ఉష్ణోగ్రత దగ్గర కొలిచి లేబుల్ మీద రాస్తారు. 45 డిగ్రీల ఎండలో అదే ఏసీ తక్కువ చల్లదనమిచ్చి ఎక్కువ కరెంటు లాగుతుంది. అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకు షాఫ్టుల్లో అంతస్తుకొకటి చొప్పున అవుట్‌డోర్లు పేర్చితే కింది యూనిట్ వదిలిన వేడిగాలిని పైది పీలుస్తుంది. దానికి వాతావరణం 45 కాదు, 50 దాటినట్టే. దుమ్ము పట్టిన కాయిల్ ఈ భారాన్ని ఇంకా పెంచుతుంది. కారణం ఇదని తేలితే మంచివార్తే. యూనిట్ జరిపితే, కాయిల్ కడిగితే పోయే కారణం కాబట్టి కొత్త కంప్రెసర్ బతుకుతుంది.

మూడోది కరెంటు. లో-వోల్టేజీలో మోటారు స్టార్ట్ కావడానికి పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో మామూలుగా లాగేదానికి కొన్ని రెట్లు ఆంపియర్లు వైండింగ్ గుండా పోతాయి. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు ఇంకో ప్రమాదం. గొట్టాల్లో రెండు వైపుల ప్రెషర్ సమానం కావడానికి మూడు నిమిషాల దాకా పడుతుంది, అంతలో స్టార్ట్ చేస్తే పంపు ఎదురు ప్రెషర్ మీద ఇరుక్కుంటుంది. ఏసీలోనూ, మంచి స్టెబిలైజర్లోనూ టైమ్ డిలే పెట్టేది అందుకే.

నాలుగో అనుమానితుడిని ఎవరూ అనుమానించరు. అది మొదటి రోజు ఫిట్టింగ్. గొట్టాలు బిగించాక లోపలి గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టకుండా, కాస్త గ్యాస్ వదిలి గాలి తోసేసి పని ముగించే అలవాటు ఇంకా పోలేదు. లోపల మిగిలిన తేమ ఆర్-410ఏ, ఆర్-32 ఏసీల్లో వాడే సింథటిక్ నూనెతో కలిసి దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. అది వైండింగును మెల్లమెల్లగా తింటుంది. నాలుగైదేళ్లకు మోటారు కాలితే నింద కంపెనీ మీద పడుతుంది, వ్యాక్యూమ్‌కు మిగుల్చుకున్న అరగంట ఎవరికీ గుర్తుండదు.

లోపల ఉన్న గ్యాస్ ఏది?

అవుట్‌డోర్ మీది స్టిక్కర్ చూస్తే గ్యాస్ పేరు, బరువు తెలుస్తాయి. ఆర్-22 అని ఉంటే మొగ్గు చాలావరకు కొత్త ఏసీ వైపే. ఓజోన్ పొరను దెబ్బతీసే గ్యాసుల మీద 1987 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఈ వర్గం వాయువులను దేశాలు దశలవారీగా తప్పిస్తున్నాయి. కొత్త ఏసీల తయారీలో వీటి వాడకాన్ని భారత్ 2024 చివరికల్లా ఆపేసింది. సర్వీసింగ్ కోసం గ్యాస్ దొరుకుతుంది కానీ ఏటికేడు కోటా తగ్గేదే. ఆర్-22 ఏసీలో ఆర్-32 కంప్రెసర్ వేయడం కుదరదు. ప్రెషర్ ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది, నూనె వేరు, పాత కాయిల్ ఆ ఒత్తిడికి చేసింది కాదు. కొందరు ఖర్చు తగ్గుతుందని ఆర్-22 యూనిట్లో ఆర్-290 నింపుతుంటారు. ఆర్-290 అంటే ప్రొపేన్. దానికోసమే రూపొందించిన ఏసీలో కొలత ప్రకారం వాడితే సరే, పాత యూనిట్లో నింపితే వంటగ్యాస్ సిలిండర్ బంధువును పడకగదిలో పెట్టినట్టు.

ఆర్-410ఏ, ఆర్-32 ఏసీలకు ఇప్పట్లో ఇబ్బంది లేదు. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన, 2021లో భారత్ ఆమోదించిన కిగాలి సవరణ ప్రకారం వీటి వాడకానికి 2028లో పరిమితి పడుతుంది, కోత 2032లో 10 శాతంతో మొదలవుతుంది. నేడు మరమ్మతు చేయించిన ఏసీ ఆయుష్షులో గ్యాస్ దొరకని పరిస్థితి రాదు.

మార్చడమంటే ఏం చేయాలి?

కంప్రెసర్ మార్పు బల్బు మార్పు కాదు. మిగిలిన గ్యాస్‌ను వేరే సిలిండర్లోకి తీయాలి. పాతదాన్ని టార్చితో విడదీయాలి. మోటారు కాలిపోయిన కేసైతే ఆ మసి, ఆమ్లం గొట్టాలన్నిటా పాకి ఉంటాయి కనుక ఫ్లష్ చేయాలి, ఫిల్టర్ మార్చాలి. కొత్తదాన్ని అతికేటప్పుడు గొట్టంలో నైట్రోజన్ వదలాలి, లేకపోతే లోపల మసిపొరలు కట్టి క్యాపిలరీ అనే సన్నని గొట్టంలో ఇరుక్కుంటాయి. ఆ తర్వాత నైట్రోజన్ ప్రెషర్‌తో లీక్ పరీక్ష, వ్యాక్యూమ్, చివరికి స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం త్రాసుతో తూచి గ్యాస్. చేతికి చల్లగా తగిలేదాకా నింపడం కొలత కాదు. లీక్ పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే కంప్రెసర్ నూనెతో కలిసి పేలుతుంది, ఇందులో రాజీకి తావు లేదు. ఇదంతా చేస్తే సగం రోజు పని. గంటలో ముగిస్తామన్నవారు వీటిలో ఏది వదిలేస్తారో ముందే అడగడం మంచిది.

రీకండిషన్డ్ కంప్రెసర్ అంటే పాత డబ్బాను కోసి, వైండింగ్ మళ్లీ చుట్టి, వెల్డింగ్ చేసింది. పాత పిస్టన్ రకాల్లో ఇది కొంతవరకు నడిచింది. రోటరీలో లోపలి భాగాల మధ్య ఎడం మైక్రాన్లలో ఉంటుంది. కోసి అతికించిన డబ్బాలో ఆ ఎడం అలాగే నిలిచిందని హామీ ఇవ్వగలిగేవారు అరుదు. మూడు నెలల వారంటీతో వచ్చే చౌక ఇది.

వారంటీ కార్డులో చిన్న అక్షరాలు

ఇప్పుడు చాలా ఇన్వర్టర్ ఏసీలకు కంప్రెసర్ మీద పదేళ్ల వారంటీ ఉంటోంది. ఆ మాటకు అర్థం డబ్బా ఉచితమని. గ్యాస్, లేబర్, రవాణా, ఫిల్టర్ ఖర్చులు చాలా కార్డుల్లో యజమానివే. అయినా బయటి ధరతో పోలిస్తే ఇది పెద్ద ఊరట. అందుకే పదేళ్లలోపు ఏసీ విప్పించే ముందు కొన్న తేదీ, బిల్లు వెతకాలి. కంపెనీ సర్వీసు కంటే ముందు బయటి మెకానిక్ టార్చి పెడితే వారంటీ చెల్లదనే షరతు చాలాచోట్ల ఉంటుంది. వారంటీ ఉన్నా కంపెనీ వాయిదా వేస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు.

ఏడాదికి ఎంత పడుతుంది?

ధరను ధరతో పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది. 14,000 మరమ్మతు, 35,000 కొత్త ఏసీ అన్న రెండు అంకెల్లో మొదటిదే చిన్నది. ఒక్కో ఏడాదికి ఎంత పడుతుందో చూస్తే బొమ్మ మారుతుంది. కింది అంకెలు ఉదాహరణకు ఊహించినవి, ఎవరి బిల్లులు వారు పెట్టుకోవచ్చు.

స్టార్ రేటింగ్ ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి లెక్క. పాత ఏసీకి 1,100, కొత్తదానికి 800 అనుకుంటే తేడా 300 యూనిట్లు. వీటిని సగటు ధరతో లెక్కించకూడదు. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఎలాగూ వాడేవే, వాటి మీద పేరుకునే ఏసీ యూనిట్లు పై శ్లాబులో పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం నెలకు 400 యూనిట్లు దాటిన ఇంట్లో ఆపై యూనిట్ 9.75 రూపాయలు. ఆ రేటుకు 300 యూనిట్లంటే ఏడాదికి సుమారు 2,900 రూపాయలు. కొత్త ఏసీ పదేళ్లు నడిస్తే 35,000 ఏడాదికి 3,500 అవుతుంది. పాతదానికి 14,000 పెట్టాక అది మూడేళ్లే నడిస్తే ఏడాదికి 4,700, దానిపై అదనపు కరెంటు 2,900, మొత్తం 7,600. కొత్తదే చౌక. ఆరేళ్లు నడిచినా 5,200 పైనే.

వాడకం తక్కువైతే తూకం తిరగబడుతుంది. వేసవిలో రెండు నెలలు, రాత్రి ఎనిమిది గంటలు మాత్రమే వేసే ఇంట్లో అది 480 గంటలు. కరెంటు తేడా 90 యూనిట్లు, 880 రూపాయలు. ఆ ఇంట్లో వారంటీ ఉండి మరమ్మతు 5,000తో ముగిసి నాలుగేళ్లు నిలిస్తే ఏడాదికి 2,130. వారంటీ లేకపోయినా 14,000 పెట్టింది ఆరేళ్లు నిలిస్తే 3,200, కాస్త లాభమే. మూడేళ్లకే పోతే 5,500, నష్టం. అన్ని కొమ్మలూ తిరిగొచ్చేది ఒకే వేరుకు: మరమ్మతు చేసింది ఎన్నేళ్లు నిలుస్తుంది? దాన్ని చెప్పేది పైన చూసిన కారణమే, ఏసీ వయసు కాదు. ఎనిమిదేళ్ల ఏసీ కాయిల్ శుభ్రంగా ఉండి, కంప్రెసర్ వోల్టేజీకి బలైతే మరమ్మతుకు అర్హతే. నాలుగేళ్ల ఏసీ కాయిల్ తొలిచిపోయి ఉంటే వారంటీ కంప్రెసర్ ఉచితంగా ఇచ్చినా ఆలోచించాలి.

బజారు ఎటు మొగ్గుతోంది?

పాత ఏసీ మీది ఐదు చుక్కలు నేటి ఐదు చుక్కలు కావు. 2018 పట్టికలో స్ప్లిట్ ఏసీకి ఐఎస్ఈఈఆర్ (లాగిన కరెంటుకు ఎంత చల్లదనమిస్తుందో చూపే అంకె) 4.5 ఉంటే 5 స్టార్. 2022 జూలై నుంచి 5.0 కావాలి, అంటే పాత 5 స్టార్ ఆ పట్టికలో 4 స్టార్. 2026 జనవరి నుంచి నిబంధనలు మళ్లీ బిగిశాయి. కాబట్టి కరెంటు తేడా లెక్కకు నక్షత్రాలు కాదు, లేబుల్ మీది యూనిట్లు చూడాలి. ఇంకోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గడంతో మరమ్మతుకూ కొత్తదానికీ మధ్య ఎడం కొంత తగ్గింది.

విడిభాగాల లభ్యత మెల్లగా మారుతోంది. ఇన్నాళ్లూ రోటరీ కంప్రెసర్లు పెద్దసంఖ్యలో చైనా నుంచి వచ్చేవి. 2021లో కేంద్రం ప్రకటించిన ఉత్పత్తి ప్రోత్సాహక పథకం తర్వాత తిరుపతి జిల్లా శ్రీసిటీ ఏసీల తయారీకి పెద్ద కేంద్రంగా ఎదిగింది. డైకిన్, బ్లూస్టార్, హావెల్స్ వంటి సంస్థలు అక్కడే ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో కంప్రెసర్ల తయారీ అంతకు చాలా ముందు నుంచే ఉంది. అయినా పాత మోడల్ ఇన్వర్టర్ కంప్రెసర్, దానికి జోడీ పీసీబీ దొరకడం ఇప్పటికీ కష్టమే. నాన్-ఇన్వర్టర్‌లో టన్నేజి, గ్యాస్ సరిపోయే వేరే కంపెనీ కంప్రెసర్ వేయవచ్చు. ఇన్వర్టర్‌లో బోర్డు తన జోడీ మోటారునే గుర్తుపడుతుంది.

కొత్తదానికే మొగ్గితే పాతదాన్ని విప్పే తీరు కూడా చూడాలి. పాతసామాన్లవాళ్లు రాగి బరువు చూసి ధర కట్టి, గొట్టం కోసి గ్యాస్ గాల్లోకి వదిలేస్తారు. కిలో ఆర్-22 వాతావరణానికి చేసే చేటు దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కింద ఏసీలు కూడా ఉన్నాయి, వాటిని నమోదైన రీసైక్లర్లకు చేర్చే బాధ్యత తయారీదారులది. పోయిన కంప్రెసర్‌తో పంప్‌డౌన్ (కంప్రెసర్ నడిపి గ్యాస్‌నంతా అవుట్‌డోర్‌లోకి లాగడం) కుదరదు కనుక గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తోనే తీయాలి. కంప్రెసర్ నడిచే ఏసీని విప్పేటప్పుడైతే గొట్టం వదులుగా ఉండగా పంప్‌డౌన్ చేస్తే గాలి లోపలికి పోయి, నూనెతో కలిసి, డీజిల్ ఇంజిన్‌లోలాగే నొక్కుడు వేడికి అంటుకుని డబ్బా పేలే ప్రమాదం ఉంది. ముందు కంప్రెసర్ ఆపి, తర్వాతే గొట్టం విప్పాలి.